బ్రేకు తొక్కితే గుర్రాల గదిలో దీపం వెలుగుతోంది (7 పిన్నుల పికప్పు, 6 పిన్నుల ట్రెయిలరు)

పేటవాడు (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. ముందే ఒప్పుకుంటున్నాను, నా దగ్గర ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా ఉంది. కాలేజీలో ట్రాన్స్‌ఫార్మరు లెక్కలు చేశాను. ఆ తరువాత ఇరవై రెండేళ్ళుగా కీబోర్డు తప్ప మరో పనిముట్టు పట్టలేదు. కాబట్టి నన్ను ఏమీ తెలియనివాడిగా లెక్కవేసుకునే జవాబు చెప్పండి. చిన్నబుచ్చుకోను.

మేముండేది టెక్సాస్‌లో ఆబ్రీ దగ్గర. డల్లాస్‌కు ఉత్తరాన డెంటన్ కౌంటీలో ఇసుక కలిసిన నేలలు. గుర్రాల కాళ్ళకు మంచివట. అందుకే 377 రహదారి వెంట ఎటు చూసినా గుర్రాల దొడ్లే. ఇల్లు కొనేటప్పుడు నాకు ఈ సంగతి పట్టలేదు, మా అమ్మాయికి పట్టింది. పదేళ్ళప్పుడు స్వారీ నేర్చుకుంటానంది. పదమూడు నిండేసరికి మా ఇంటికి పదహారేళ్ళ క్వార్టర్ హార్స్ జాతి ఆడగుర్రం ఒకటి వచ్చి చేరింది. పిల్ల కంటే గుర్రమే పెద్దది. గుర్రం వచ్చాక దానికి బండి కావాలి కదా.

ట్రెయిలరు 1998 నాటిది. రెండు గుర్రాలు పక్కపక్కన నిలబడేది, పికప్పు ట్రక్కు వెనక ఉండే ఇనుప బంతికి తగిలించుకునేది. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలకూ ఎలక్ట్రిక్ బ్రేకులు. మొత్తం బరువు పరిమితి 7,000 పౌండ్లని దాని రేకు మీద కొట్టి ఉంది. గైన్స్‌విల్ వైపు ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. ఆయనే తన పాత ట్రక్కుకు తగిలించుకుని వచ్చి మా వాకిట్లో దింపి వెళ్ళాడు. "దీపాలన్నీ వెలుగుతాయి, బ్రేకులు గట్టిగా పట్టుకుంటాయి" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. దీపాలు వెలుగుతున్నాయి, బ్రేకులు పట్టుకుంటున్నాయి. ఏది ఎప్పుడు అన్న దగ్గరే చిక్కంతా.

ట్రెయిలరు ప్లగ్గుకు 6 గుండ్రటి పిన్నులు, చుట్టూ అయిదు, నడుమ ఒకటి. నా పికప్పు 2016ది. దాని బంపరు కింద 7 బద్ద పిన్నుల సాకెట్టు కంపెనీ నుంచే వచ్చింది. బ్రేకు కంట్రోలరు (నేను బ్రేకు తొక్కితే ట్రెయిలరు బ్రేకులకు కరెంటు పంపే పెట్టె) మాత్రం నేను విడిగా కొని డ్యాష్‌బోర్డు కింద పెట్టించుకున్నాను. 7ను 6గా మార్చే అడాప్టరు ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాను. చక్కగా అమరింది. ఇక చూడండి.

ఇంజను స్టార్టు చేయగానే ట్రెయిలరు చక్రాల దగ్గర "టక్" మని చప్పుడైంది. ముందుకు పోనిస్తే జానెడు కదిలి ఆగిపోయింది. ఇంకాస్త గట్టిగా లాగితే చక్రాలు తిరగకుండా వాకిట్లో కంకర మీద రెండు చాళ్ళు తీసింది, నాగలి పట్టినట్టు. ఇంజను ఆపితే మళ్ళీ చక్రాలు మామూలుగా తిరుగుతున్నాయి.

మా అమ్మాయి వెనక నిలబడి "నాన్నా, నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా లోపల లైటు వెలుగుతోంది" అంది. లోపలంటే గుర్రాల గది పైకప్పుకున్న దీపం. దాని స్విచ్చు ఎప్పటినుంచో వేసే ఉంది, అయినా అంతకుముందు వెలగలేదు. కంట్రోలరు మీద చేత్తో బ్రేకు వేసే మీట ఉంటుంది కదా, దాన్ని మెల్లగా జరిపితే దీపం మెల్లగా వెలుగుతుంది, పూర్తిగా జరిపితే పూర్తిగా వెలుగుతుంది. సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు దీపాలు తగ్గిస్తారే, దానికి తిరగేసిన పద్ధతి. కంట్రోలరు తెర మీద మాత్రం ట్రెయిలరు కలిసిందనే చూపిస్తోంది.

ఇంకొకటి. చీకటి పడ్డాక వెనక దీపాలు వేసి ఎడమ ఇండికేటరు వేస్తే దానితోపాటు వెనక దీపాలన్నీ మినుకుమినుకుమంటున్నాయి. కుడివైపుది కూడా సన్నగా కొట్టుకుంటోంది.

పాడైనది అడాప్టరా, ట్రెయిలరా, నేనా? వచ్చే ఆదివారం గుర్రాన్ని పైలట్ పాయింట్‌లోని శిక్షకురాలి దగ్గరకు తీసుకెళ్ళాలి. పన్నెండు మైళ్ళు కూడా లేదు.

గుంటూరు_మిర్చి

అడాప్టరే పాడై ఉంటుంది. అదే ధరలో ఇంకోటి కొని పెట్టి చూడండి. పావుగంట పనికి ఇంత పురాణం ఎందుకు?

గూస్‌నెక్ బాబాయి

ఇంకో అడాప్టరు కొంటే ఇంకో రెండు చాళ్ళు పడతాయి, అంతకన్నా ఏమీ జరగదు. నేను వెదర్‌ఫర్డ్ దగ్గర ఉంటాను. పద్దెనిమిదేళ్ళుగా గుర్రాల ట్రెయిలర్లు లాగుతున్నాను. ఈ జబ్బు నాలుగుసార్లు చూశాను, అందులో ఒకటి నాదే.

పేటవాడు గారూ, మీ ట్రెయిలరుకు దయ్యం పట్టలేదు, రెండు తీగలు ఒకదాని ఇంట్లో ఒకటి కాపురం పెట్టాయి. ఆ 6 పిన్నుల ప్లగ్గు విప్పితే లోపల స్క్రూల పక్కన చిన్న అక్షరాలు పోతపోసి ఉంటాయి. జీడీ అంటే గ్రౌండు (ఎర్తు), టీఎం వెనక దీపాలు, ఎల్‌టీ ఎడమ, ఆర్‌టీ కుడి. వీటి గురించి ఎవరికీ తగాదా లేదు. మిగిలినవి ఎస్, ఏ. తగాదా అంతా ఈ రెంటితోనే. వీటిలో ఒకటి బ్రేకులకు, ఒకటి పికప్పు నుంచి వచ్చే 12 వోల్టుల సరఫరాకు. నడుమ పిన్నుకు బ్రేకు ఇచ్చిన ట్రెయిలర్లూ ఉన్నాయి, సరఫరా ఇచ్చినవీ ఉన్నాయి. మీకు అమ్మిన పెద్దాయన ట్రక్కు సాకెట్టు ఆయన ట్రెయిలరుకు సరిపోయేలా కట్టుకున్నది. ఆ జంటలో తప్పు లేదు. మీ అడాప్టరు రెండో పద్ధతిలో కట్టింది, అందులోనూ తప్పు లేదు. ఇద్దరు మంచివాళ్ళకు పెళ్ళి చేస్తే కాపురం కుదరాలని లేదు కదా.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. మీరు ఇంజను స్టార్టు చేయగానే పికప్పు 12 వోల్టులు పంపుతుంది. బ్యాటరీ చార్జికీ లోపలి దీపానికీ వెళ్ళాల్సిన ఆ కరెంటు నేరుగా బ్రేకుల్లోకి వెళ్తోంది. ఎలక్ట్రిక్ బ్రేకులో డ్రమ్ము లోపల ఒక అయస్కాంతం ఉంటుంది. కరెంటు రాగానే అది తిరిగే డ్రమ్ముకు అతుక్కుంటుంది, డ్రమ్ము దాన్ని తనతో లాక్కుపోతుంది, ఆ లాగుడుకు మీట కదిలి బ్రేకు బద్దలు విచ్చుకుంటాయి. మీరు విన్న "టక్" అదే. చక్రం కొంచెం తిరిగితే తప్ప బ్రేకు పడదు కాబట్టే జానెడు కదిలి ఆగింది. అటుపక్క మీ కాలి కింది బ్రేకు ఆజ్ఞ గుర్రాల గది దీపానికి వెళ్తోంది. అది పాత ఫిలమెంటు బల్బే అయి ఉండాలి. మీ కంట్రోలరు దాన్ని బ్రేకు అయస్కాంతం అనుకుని ట్రెయిలరు కలిసిందని సంతోషించింది.

గుర్రాన్ని ఎక్కించక ముందే బయటపడింది, అదృష్టవంతులు.

రెండో జబ్బు వేరు, అది గ్రౌండు. బల్బులోకి వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి. గ్రౌండుకు ఉండే తెల్ల తీగ సరిగా లేకపోతే దారి వెతుక్కుంటూ పక్క బల్బుల గుండా వెనక్కి వస్తుంది. అందుకే ఎడమ దీపం కొట్టుకుంటే ఊరంతా కొట్టుకుంటోంది. ఒక పని చేయండి. కార్ల బ్యాటరీలు కలిపే జంపర్ కేబులు ఉంటే దాని ఒక కొస పికప్పు చట్రానికి, ఇంకో కొస ట్రెయిలరు చట్రానికి, రంగు గోకి, పట్టించండి. దీపాలు బుద్ధిగా ఉంటే జబ్బు గ్రౌండే. చాలామంది బంతి, కొక్కెం తాకుతున్నాయి కదా అదే గ్రౌండు అనుకుంటారు. బంతికి రాసిన గ్రీజు సంగతి మరచిపోతారు.

అడాప్టరును పారేయండి. పోతపోసినది, లోపల తీగలు మార్చడానికి వీలుండదు. ట్రెయిలరు మీద ఉన్న 6 పిన్నుల ప్లగ్గునే తీసేసి 7 బద్దల ప్లగ్గున్న కొత్త కేబులు వేయండి. బండికి నొగ అంటామే, ట్రెయిలరు ముందు ఆ చోట ఒక జంక్షను పెట్టె బిగించి అందులో కలపండి. రేపు అర్ధరాత్రి గుర్రానికి కడుపునొప్పి వచ్చి మీ పికప్పు మొరాయిస్తే పక్కింటివాడి పికప్పుకు తగిలించుకోవాలి. ఈ ఊళ్ళలో అందరికీ ఉండేది ఆ 7 బద్దలదే.

మెల్బోర్న్ మాస్టారు

బాబాయి గారు చెప్పాక నాకు పనిలేదు గానీ, రంగుల పట్టిక ఇస్తున్నాను, కొత్త కేబులు కలిపేటప్పుడు పనికొస్తుంది. పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి, తెలుపు ఎర్తు, గోధుమ వెనక దీపాలు, ఎరుపు బ్రేకు దీపాలు, నలుపు రివర్సు దీపం, నీలం ట్రెయిలరు బ్రేకులు. పడవ ట్రెయిలరుకు నేను ఇలాగే కట్టుకున్నాను.

గూస్‌నెక్ బాబాయి

మాస్టారూ, మీ పట్టిక ఆస్ట్రేలియాకు బంగారం. ఇక్కడ అలా కడితే మంట. ఈ దేశంలో నల్ల తీగ 12 వోల్టుల సరఫరాది, మీరు దాన్ని రివర్సు దీపానికి ఇమ్మంటున్నారు. ఇక్కడి ట్రెయిలర్లకు బ్రేకు దీపానికి విడిగా తీగే లేదు. ఎడమ ఇండికేటరూ ఎడమ బ్రేకు దీపమూ ఒకే బల్బు, ఒకే తీగ.

మెల్బోర్న్ మాస్టారు

సరే, వెనక్కి తీసుకున్నాను. అంతకుముందు బ్రిటన్‌లో ఉన్నప్పుడు అక్కడి 7 పిన్నుల ప్లగ్గులో నీలం తీగ వెనక పొగమంచు దీపానికి ఉండేది. దేశం మారితే రంగు కులం మారుతుందని అప్పుడే తెలుసుకోవాల్సింది.

పేటవాడు (సోమవారం)

బాబాయి గారూ, జంపర్ కేబులు పట్టించాను. దీపాలన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయి. టీచరు క్లాసులోకి వచ్చినట్టు.

ఆ ధైర్యంతో నిన్న ప్లగ్గు తీసేసి, నొగ దగ్గర పాత ఇన్సులేషను టేపు విప్పాను. విప్పకుండా ఉండాల్సింది. కంపెనీ తీగలు ఒక జానెడే ఉన్నాయి. ఆ తరువాత ఎవరో ఇంటి వైరింగు ముక్కలు కలిపారు. గోధుమ తీగ ఆకుపచ్చ తీగతో ముడిపడి ఉంది, ఎర్ర తీగ పసుపుతో. ఇంటర్నెట్‌లో చూస్తే అమెరికాకే రెండు పట్టికలున్నాయి. ఒకదాంట్లో గోధుమ వెనక దీపాలు, ఆకుపచ్చ కుడి, పసుపు ఎడమ. ఇంకోదాంట్లో ఆకుపచ్చ వెనక దీపాలు, గోధుమ కుడి, ఎరుపు ఎడమ. పసుపేమో రివర్సు దీపానికట. అంటే ఒకే గోధుమ తీగను ఒకరు వెనక దీపమంటారు, ఒకరు కుడి ఇండికేటరంటారు. తెలుపు గ్రౌండు, నీలం బ్రేకు, నలుపు సరఫరా అన్న మూడింటి దగ్గరే ఇద్దరూ ఒకటయ్యారు. నా ట్రెయిలరులో మొదటి సగం ఒక మతం, రెండో సగం ఇంకో మతం.

రాత్రి నాన్నగారికి వీడియో కాల్ చేశాను. నరసరావుపేటలో ఆయనకు మోటార్ల వైండింగు దుకాణం ఉండేది. బోరు మోటార్లు, పిండిమర మోటార్లు, ఏది కాలినా మా దుకాణానికే వచ్చేది. నేను ఇంజనీరింగులో చేరిన రోజు ఆయన దుకాణం మూసి ఊరందరికీ కాఫీలు ఇప్పించారు. ఇప్పుడు ఆ ఇంజనీరు టార్చిలైటు నోట్లో పెట్టుకుని ట్రెయిలరు కింద పడుకుని ఆయనకు తీగలు చూపిస్తున్నాడు.

రెండు పట్టికలూ చదివి వినిపించాను. ఆయన విన్నారు. "ఒరే, రంగు సంగతి కట్టినవాడికి తెలుస్తుంది. వాడు నీ పక్కన ఉన్నాడా?" అన్నారు. లేడన్నాను. "మరి తీగనే అడుగు. బ్యాటరీ తెచ్చుకో. మైనస్ చట్రానికి కట్టెయ్. ప్లస్‌తో ఒక్కొక్క తీగనూ తాకు. ఏది వెలిగితే అది. కాగితం ముక్క చుట్టి పేరు రాసుకో. రంగు చూడకు."

పచ్చిగడ్డి కోసే యంత్రంలో 12 వోల్టుల బ్యాటరీ ఉంది, అది పీకి తెచ్చాను. ప్లస్ తీగలో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను, ఇంజనీరును కదా. వెనక దీపాలు దొరికాయి, ఎడమ దొరికింది, కుడి దొరికింది, గుర్రాల గది దీపం దొరికింది. చివరిది తాకగానే చక్రాల దగ్గర టక్‌మంది, ఫ్యూజు ఎగిరిపోయింది. అంటే బ్రేకు తీగ ఎక్కడో కొట్టుకుపోయి చట్రానికి తగులుతోందా? నాన్నగారు అప్పటికే నిద్ర పోయారు, అంటే అక్కడ మధ్యాహ్నం కునుకు.

గూస్‌నెక్ బాబాయి

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన చెప్పిన దానికి నేను కలిపేది ఏమీ లేదు, ఫ్యూజు సంగతి తప్ప.

ఫ్యూజు పోవడం సహజం. ఒక్కో అయస్కాంతం 3 ఆంపియర్ల పైచిలుకు తాగుతుంది, నాలుగింటికి 12 దాటుతుంది. 5 ఆంపియర్ల ఫ్యూజు ఎలా నిలుస్తుంది? 20ది పెట్టండి. కానీ దానికన్నా ముందు మల్టీమీటరుతో ఆ తీగకూ చట్రానికీ మధ్య ఎన్ని ఓములున్నాయో కొలవండి. మీటరు ముళ్ళు రెండూ ఒకదానికొకటి తాకిస్తే ఎంత చూపిస్తుందో అది తీసేయండి. ఒక్క అయస్కాంతం సుమారు 3.2 ఓములు. నాలుగూ సమాంతరంగా ఉంటే 0.8 దరిదాపుల్లో రావాలి. సున్నా వస్తే తీగ చట్రానికి తగులుతున్నట్టు. ఎంతో కొలిచి ఇక్కడ రాయండి.

కొత్త కేబులు కొనేటప్పుడు తీగల లావు చూడండి. బ్రేకుకు, గ్రౌండుకు, సరఫరాకు 10 లేదా 12 గేజి ఉండాలి. గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుందని మీకు చెప్పనక్కరలేదు. దీపాలకు 14, 16 చాలు. అన్నీ సన్నగా ఒకే లావున్న చవక కేబులు కొంటే దీపాలు బాగానే వెలుగుతాయి, బ్రేకులు మాత్రం నీరసంగా పడతాయి. ఆ నీరసం వానలో దిగుడు రోడ్డు మీద తెలుస్తుంది.

గ్రౌండు తీగ కొసకు రింగు టెర్మినలు నొక్కి, చట్రం మీద రంగూ తుప్పూ వైరు బ్రష్షుతో మెరిసేదాకా గోకి బోల్టు వేయండి. పైన గ్రీజు పూయండి. ప్లగ్గు వాడనప్పుడు కిందికి వేలాడదీయకుండా మూత ఉన్నచోట తగిలించండి. మన ప్రాంతంలో మట్టిగూడు కట్టే కందిరీగలున్నాయి. నెల రోజులు వదిలేస్తే పిన్నుల మధ్య మట్టి మెత్తి సంసారం పెడతాయి. నా ప్లగ్గు రెండుసార్లు ఖాళీ చేయించాను.

పల్లె డాక్టరమ్మ

నేను పశువైద్యురాలిని, ఓక్లహోమాలో ఉంటాను. తీగల సంగతి నాకు తెలియదు. 1998 ట్రెయిలరు అన్నారు, నేలను చూశారా? రబ్బరు పరుపులు ఎత్తి కింద చెక్కలను స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. అది లోపలికి దిగితే ఆ చెక్క మార్చాల్సిందే. గుర్రపు మూత్రం ఏళ్ళ తరబడి పరుపుల కింద నిలిచి చెక్కను కుళ్ళబెడుతుంది, పైకి ఏమీ కనిపించదు. నడుస్తున్న ట్రెయిలరులో నేల విరిగి కాలు రోడ్డు మీదకు జారిన గుర్రాన్ని నేను ఒకసారి చూశాను. రెండోసారి చూడాలని లేదు.

ఇంకో ప్రశ్న. నొగ మీద చిన్న బ్యాటరీ డబ్బా, దానికి ఒక సన్నటి ఉక్కుతాడు ఉండాలి. ట్రెయిలరు పికప్పు నుంచి ఊడిపోతే ఆ తాడు పిన్నును లాగి బ్రేకులు వేస్తుంది. డబ్బాలో బ్యాటరీ ఉందా?

దీపం మాట మంచిది. చీకటి గుహలా ఉంటే గుర్రాలు ట్రెయిలరులోకి వెళ్ళవు. లోపల వెలుతురు ఉంటే సగం పేచీ తగ్గుతుంది. కాబట్టి ఆ దీపాన్ని బ్రేకు కింద నుంచి తప్పించి స్విచ్చు కిందకు తెచ్చాకే గుర్రాన్ని పిలవండి.

పేటవాడు (బుధవారం)

డాక్టరు గారూ, డబ్బా ఉంది, తాడు ఉంది, బ్యాటరీ లేదు. దాని స్థానంలో ఒక ఎండిన బల్లి ఉంది. నేల ఈ సాయంత్రం చూస్తాను.

బాబాయి గారూ, మీటరు 1.3 చూపించింది. ముళ్ళు కలిపితే 0.2.

గూస్‌నెక్ బాబాయి

1.3లో 0.2 తీస్తే 1.1. నాలుగు అయస్కాంతాలుంటే 0.8 రావాలి. 3.2ను మూడుతో భాగించండి, మీ లెక్క వస్తుంది. ఒక చక్రానికి బ్రేకు లేదు.

ఏ చక్రమో కనుక్కోవడానికి దిక్సూచి చాలు, ఫోనులో ఉన్నదైనా సరే. చక్రం వెనక పళ్ళెం దగ్గర పట్టుకుని కరెంటు ఇవ్వండి. ఇనుము పక్కన ముల్లు ఎటూ సరైన దిక్కు చూపదు, దాన్ని పట్టించుకోకండి. కరెంటు ఇచ్చిన క్షణంలో ముల్లు కదిలిందా లేదా అన్నదే చూడాలి.

బ్యాటరీ సంగతి ముందు చెబుతున్నాను, మరచిపోయేరు. తీగలు సరిచేయకుండా డబ్బాలో బ్యాటరీ పెట్టవద్దు. ఇప్పుడున్న తారుమారులో ఆ బ్యాటరీ కరెంటు సరఫరా తీగ గుండా వెనక్కి వచ్చి మీ కంట్రోలరు బ్రేకు కొసలోకి ఎక్కుతుంది. కంట్రోలరు పోవచ్చు. ముందు తీగలు, తరువాత బ్యాటరీ.

గుంటూరు_మిర్చి

పావుగంట పని అన్నది నేనే. నా మాట నేను తినేస్తున్నాను, ఆవకాయ నంజుకుని.

పేటవాడు (తరువాతి ఆదివారం రాత్రి)

వరుసగా చెబుతాను.

గురువారం సాయంత్రం దిక్సూచి పని. నేను నొగ దగ్గర కూర్చుని తీగ తాకించడం, మా అమ్మాయి ఫోను పట్టుకుని ఒక్కొక్క చక్రం దగ్గరా పడుకుని అరవడం. "కదిలింది." "కదిలింది." "కదిలింది." ఎడమవైపు వెనక చక్రం దగ్గర చాలాసేపు ఏమీ వినిపించలేదు. "నాన్నా, ఇచ్చావా?" అంది. ఇచ్చాను. "అయితే ఇదే." కింద దూరి చూస్తే ఇరుసు వెనక తీగ ముడి ఉన్నచోట తెగి, రాగి పచ్చగా పొడిపొడిగా రాలుతోంది. ఎలుక పంటిగాట్లు కూడా ఉన్నాయి. తీగను శుభ్రమైన రాగి తగిలేదాకా వెనక్కి కోసి కొత్త ముక్క వేశాను. మీటరు 1.0 అంది, ముళ్ళ 0.2 తీస్తే 0.8. నాలుగు.

శుక్రవారం సెలవు పెట్టాను. ఆఫీసులో కారణం ఇంటి పని అని రాశాను, గుర్రం బండి అని రాస్తే నమ్మరు. జంక్షను పెట్టె బిగించాను. కొత్త కేబులు వేశాను, బ్రేకు, గ్రౌండు, సరఫరా 10 గేజి. కాగితం చుట్టిన పేర్లు చూసుకుంటూ పేరుకు పేరు కలిపాను, రంగు వైపు చూడలేదు. ఒక్కచోట మాత్రం బోల్తా పడ్డాను. ప్లగ్గు లోపలి స్క్రూలకు ఎదురుగా నిలబడి, సాకెట్టు ముఖం నుంచి గీసిన బొమ్మను చూసుకుంటూ పరీక్షించాను. ముందు నుంచి చూస్తే ఎడమ, వెనక నుంచి చూస్తే కుడి అవుతుంది కదా. అన్నీ తప్పని తేలింది, గంటసేపు నన్ను నేను తిట్టుకున్నాను, ఆ తరువాత బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో ఏ వైపు నుంచి చూస్తున్నారో రాసి ఉండటం కనిపించింది. తీగలు మొదటినుంచీ సరిగానే ఉన్నాయి.

గ్రౌండుకు బాబాయి గారు చెప్పినట్టే చట్రం మెరిసేదాకా గోకాను. బ్యాటరీ కొత్తది పెట్టాను. పికప్పు ప్లగ్గు తీసేసి, పిన్ను లాగి, మెల్లగా ముందుకు పోనిచ్చాను. నాలుగు చక్రాలూ బిగుసుకున్నాయి. ట్రెయిలరు ఊడిపోయినప్పుడు పడిన బ్రేకులు కనీసం పావుగంట పట్టి ఉండాలని వాణిజ్య వాహనాలకు ఇక్కడి ఫెడరల్ నిబంధన. నాది సొంత బండే అయినా గడియారం పెట్టుకుని కూర్చున్నాను. పదహారో నిమిషంలో పిన్ను పెట్టేశాను, బ్యాటరీ మీద జాలేసి.

డాక్టరు గారూ, నేల పొడిచాను. ఎడమ గదిలో వెనకవైపు రెండు చెక్కలు జున్నులా దిగిపోయాయి. రెండూ మార్చాం. మీరు అడక్కపోతే నేను ఆ పరుపులు ఎత్తేవాణ్ణి కాదు. టెక్సాస్‌లో ఇలాంటి సొంత ట్రెయిలరుకు భద్రతా తనిఖీ లేదు కాబట్టి మరెవరూ కూడా చూసేవారు కాదు. స్థూల బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలరుకు బ్రేకులు ఉండాలని చట్టం మాత్రం అలాగే ఉంది. అవి ఏ తీగకు ఉన్నాయని అడిగే మనిషే లేడు.

శనివారం ఖాళీ ట్రెయిలరుతో పైలట్ పాయింట్ దాకా వెళ్ళి వచ్చాను. దారిలో రెండుసార్లు ఆపి నాలుగు చక్రాల బొడ్ల మీద చెయ్యి పెట్టి చూశాను. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

ఇవాళ గుర్రం. దీపం స్విచ్చు వేసి తలుపు తీశాం. వాకిట్లో ఆ రెండు చాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, గుర్రం వాటి దగ్గర ఆగి వాసన చూసింది. ఆ తరువాత లోపలి వెలుతురు వైపు చూసి, ఒక్కసారి ముక్కుతో బుస్సుమని, ఎక్కేసింది. మా అమ్మాయి వీడియో కాల్ పెట్టి ఇదంతా తాతగారికి చూపిస్తోంది. ఆయన గుర్రాన్ని చూడలేదు. "ఆ ఎర్తు బోల్టు దగ్గరకు పెట్టమ్మా, స్ప్రింగు వాషరు వేశాడా లేదా చూస్తాను" అన్నారు.

వేయలేదు. రేపు వేస్తాను.